దండం పెట్టే వేటగాడు – గొల్లభామ



రాత్రి స్టడీ అవర్‌లో ట్యూబ్‌లైటు దగ్గర వాలిన పచ్చటి పొడవు కాళ్ల పురుగును చెప్పుతో కొట్టడం మన హాస్టల్లో కొత్త కాదు. మేమూ కొట్టినవాళ్లమే. దాని సంగతి తెలిశాక మా చెయ్యి ఆగింది. అదే గొల్లభామ. కొందరు మిడతను కూడా ఈ పేరుతోనే పిలుస్తారు. కానీ మిడత ఆకును తింటుంది, గొల్లభామ పురుగును తింటుంది.

వర్గీకరణ:
రాజ్యం – జంతురాజ్యం
వర్గం – ఆర్థ్రోపొడా
విభాగం – కీటకాలు
క్రమం – మాంటోడియా

ప్రపంచంలో 2,400కు పైగా జాతులున్నాయి. 1758లో లిన్నేయస్ అంతటివాడే దీన్ని మిడతలు, కీచురాళ్లతో కలిపి 'గ్రిల్లస్' ప్రజాతిలో చేర్చాడు. నిజానికి దీని దగ్గరి చుట్టాలు బొద్దింకలు, చెదలు. 'మాంటిస్' అంటే గ్రీకులో జోస్యం చెప్పేవాడని అర్థం.

శరీర నిర్మాణం:
తల త్రిభుజాకారంలో ఉండి వెనక్కి కూడా తిరుగుతుంది. రెండు పెద్ద సంయుక్త నేత్రాలు, వాటి మధ్య మూడు చిన్న సరళ నేత్రాలు ఉంటాయి. రెండు కళ్లతో దూరాన్ని అంచనా కట్టగలదు. చాలా జాతులకు ఛాతీ కింద ఒకే ఒక చెవి ఉంటుంది. దానితో గబ్బిలాల అతిధ్వనులు విని తప్పించుకుంటాయి. దండం పెడుతున్నట్లు మడిచిన ముందుకాళ్లకు ముళ్లుంటాయి. వాటితోనే ఎరను బిగించి పట్టుకుంటుంది. దీనికి విషం లేదు.

జీవిత చరిత్ర:
ఆడపురుగు కొమ్మకు నురుగు పూసి అందులో గుడ్లు పెడుతుంది. నురుగు ఎండి గట్టి గూడవుతుంది. గుడ్డు, పిల్లపురుగు, పెద్దపురుగు – మూడే దశలు. సీతాకోకచిలుకలాగా ప్యూపా దశ లేదు. జతకట్టేటప్పుడు ఆడది ఒక్కోసారి మగదాన్ని తినేస్తుంది, ప్రతిసారీ కాదు.

ఒకసారి పత్తి కట్టెకున్న గూడును తెచ్చి గాజు సీసాలో పెట్టాం. ఒక ఉదయం చూస్తే చీమలంత పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. ఆదివారం వదులుదామనుకున్నాం. ఆదివారానికి నాలుగే మిగిలాయి. తిండి లేక ఒకదాన్నొకటి తినేశాయి. ఆ తప్పు మాదే.

రైతుకేం లాభం?
రెంటచింతల చుట్టూ మిర్చి, పత్తి మనకు అన్నం పెట్టే పంటలు. 1987-88లో పత్తిపై తెల్లదోమ విరుచుకుపడి, ఎన్ని మందులు కొట్టినా లొంగక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిర్చిపై నల్ల తామర పురుగు వచ్చింది. గొల్లభామ ఒక్కటే వీటిని ఆపలేదు. అది తేనెటీగనూ తింటుంది. కానీ సాలీడు, అక్షింతల పురుగు, తూనీగలతో కలిసి అది చేలో కూలి అడగని కాపలా. విచ్చలవిడిగా మందు కొడితే ముందు పోయేది ఈ కాపలాయే. తర్వాత మందు కొట్టే మన నాన్నల ఆరోగ్యం.

సోదరులారా! సెలవుల్లో మనమూ చేలో పనికి దిగుతాం. పత్తి కట్టె పీకి తగలబెట్టేముందు ఒక్కసారి చూడండి. నురుగు గూడు కనబడితే ఆ కొమ్మ విరిచి గట్టున చెట్టుకు కట్టండి. చదివిన చదువు చేనుకు చేరినప్పుడే దానికి సార్థకత.