‘నాటు’ – ఒక మాట, రెండు తూకాలు

కాలేజీలో కొత్తగా చేరిన కుర్రవాడి నోరు మూయించడానికి పెద్ద తిట్టు అక్కరలేదు. “వాడా? ఉత్త నాటు!” అంటే చాలు. యాసకీ, చొక్కాకీ, అన్నం కలిపే తీరుకీ ఈ ఒక్క మాటే అంటిస్తారు. ఆ మాట పడ్డవాడు మళ్ళీ క్లాసులో లేచి సందేహం అడగడు. అందుకే ఈ మాట సంగతి కాస్త చూద్దాం.

తెలుగులో ‘నాడు’ అంటే ప్రాంతం, దేశం. పలనాడు, వెలనాడు, రేనాడు అన్న పేర్లలో ఉన్నది అదే. ఆ నాడుకు చెందినది నాటు. అనగా ఈ నేలది, దేశవాళీది. (వరి నాటడం వేరే మాట.) ఇందులో తిట్టు ఎక్కడుంది? మా ఇంట్లో నాటు సొర విత్తనాలంటే అమ్మ బూడిద కలిపి భద్రంగా దాస్తుంది.

‘సీమ’ అన్నా ప్రాంతమే. కాని దొరల పాలనలో సీమ అంటే ఇంగ్లండు అయిపోయింది. పైదేశపు వస్తువుకల్లా ఆ పేరు తగిలించారు. మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు మనకు సీమచింత అయింది. సీమ సరుకు గొప్ప, నాటు సరుకు చవక అన్నారు. సరుకుకు కట్టిన ఆ ధరే మనిషికీ కట్టారని నాకు తోస్తుంది.

తమాషా చూడండి. బజారులో బ్రాయిలర్ కంటే నాటుకోడికే ధర ఎక్కువ. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వస్తే అందరం చప్పట్లు కొట్టాం. కూరలో రుచి, పాటలో గర్వం, మనిషిలో మాత్రం నామోషీ! ఇదేం లెక్క?

సైన్సు లెక్క ఇంకోలా ఉంది. వరిని గడ్డిదుబ్బులా గిడసబార్చే వైరస్ తెగులొకటి ఆసియా పొలాలను పీడించింది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు ఆరువేలకు పైగా నమూనాలు పరీక్షించారు. తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక అడవి వరిలో దొరికింది. దాని శాస్త్రీయ నామం ఒరైజా నివారా, మన నివ్వరి. 1976లో విడుదలైన ఐ.ఆర్. 36 రకంలో ఆ గుణం ఉంది. ఎవరూ విత్తని గడ్డి, గొప్ప వంగడాన్ని కాపాడింది!

కనుక ఈ మాటను మానెయ్యమని నేననను, తూకం సరిచెయ్యమంటాను. ఇకమీదట ఎవరైనా “నాటు” అని నవ్వితే, “అవునండీ, మరి మీదే నాడు?” అని అడగండి. చెప్పుకోవడానికి ఎవరికైనా ఒక ఊరుంటుంది గదా!