ఫోటో అంచుల్లో దొంగ రంగులు

పెళ్లికూతురి తెల్లని ముసుగు చుట్టూ సన్నని ఊదా గీత. ఆకాశానికి ఎదురుగా తీసిన గంటగోపురానికి ఒక పక్క ఎర్రని అంచు, రెండో పక్క నీలిపచ్చ అంచు. ఇలాంటివి కంటబడగానే కెమెరా పాడైందంటాం, లేదా ఫోటో తీసిన కుర్రవాణ్ణి తప్పుపడతాం. కొందరు వేలు పోసి కొత్త లెన్సు కొనేస్తారు. నిజానికి ఈ అంచులన్నీ ఒక జాతివి కావు. లక్షణం ఒకటే అయినా కారణాలు వేరు, కనుక చికిత్సా వేరు. కారణం తెలియకుండా కంప్యూటర్లో దిద్దబోతే అసలు రంగులకే ఎసరు వస్తుంది.

తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. గాజు గుండా పోయేటప్పుడు ఊదా, నీలం ఎక్కువగా వంగుతాయి, ఎరుపు తక్కువగా వంగుతుంది. మన పిల్లలు పట్టకం పాఠంలో చదివేది ఇదే. లెన్సూ గాజే గనుక రంగులన్నీ ఒకే చోట కలవవు. భౌతికశాస్త్ర పుస్తకాల్లో దీన్ని వర్ణ విపథనం అంటారు. గాజు కటకాలతో దీన్ని సరిదిద్దడం సాధ్యం కాదని తలచిన న్యూటన్ 1668లో దర్పణంతో దూరదర్శిని చేసుకున్నాడు. అంతటివాడి మాట గనుక చాలాకాలం ఎవరూ కాదనలేదు. 1730 ప్రాంతంలో చెస్టర్ మూర్ హాల్ అనే ఇంగ్లీషు న్యాయవాది క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజుతో ఒక కుంభాకార కటకం, ఒక పుటాకార కటకం జోడించి ఆ తీర్పును తిరగరాశాడు. పేటెంటు మాత్రం 1758లో జాన్ డోలండ్‌కు దక్కింది. అయితే ఆ జంట రెండు రంగులనే ఒకచోటికి తెస్తుంది. మిగిలినవి కొద్దిగా పక్కకు జరుగుతూనే ఉంటాయి. ఆ కొద్దిపాటి మిగులే మన ఫోటోలో అంచుగా కనిపిస్తుంది.

ఇక పరీక్ష. చదవడం పూర్తయ్యాక ఈ పత్రికనే వాడుకోండి. గోడకు అతికించి, అక్షరాలు ఫోటో మూలల దాకా వచ్చేలా తీయండి. కంప్యూటర్లో బాగా పెద్దది చేసి ముందు మధ్యభాగం, తర్వాత మూలలు చూడండి. మధ్యలో అక్షరాలు శుభ్రంగా ఉండి, మూలలకు పోయేకొద్దీ ఒక పక్క ఎరుపు, ఎదుటి పక్క నీలిపచ్చ కనిపిస్తే అది అడ్డదిశ దోషం. ఒక్కో రంగు బొమ్మ ఒక్కో పరిమాణంలో పడడం వల్ల ఇది వస్తుంది. ఎపర్చర్ ఎంత మూసినా ఇది పోదు. కాని దిద్దడానికి ఇదే అన్నిటికన్నా సులువు. ఎరుపు, నీలం పొరలను వెంట్రుకవాసి పెంచో తగ్గించో ఆకుపచ్చ పొరతో సరిపెడితే చాలు. లైట్‌రూమ్‌లో ఒక గడిలో టిక్కు పెడితే ఈ పని జరుగుతుంది. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ ఉంది. ఒక్క జాగ్రత్త: ఫోటోను కత్తిరించక ముందే దిద్దండి. ప్రోగ్రామ్ లెక్కంతా బొమ్మ మధ్యబిందువు నుంచి మొదలవుతుంది. ముందే కత్తిరిస్తే ఆ మధ్యబిందువు మారిపోయి లెక్క తప్పుతుంది.

తర్వాత పత్రికను బల్లమీద పరచి, ఎపర్చర్ పూర్తిగా తెరచి, ఏటవాలుగా చూస్తూ నడిమి పంక్తికి ఫోకస్ చేసి తీయండి. మీకు దగ్గరి పంక్తులు గులాబీ ఊదా, దూరపు పంక్తులు ఆకుపచ్చ ఛాయలో ఉంటే అది నిలువుదిశ దోషం. ఇది ఫోటో నడుమ కూడా వస్తుంది. ఒక్కో రంగు ఒక్కో దూరంలో ఫోకస్ కావడమే కారణం. కంప్యూటర్లో పూర్తిగా పోగొట్టడం కష్టం. తీసేటప్పుడే ఎపర్చర్ రెండు మూడు మెట్లు మూయాలి. డోలండ్‌కు ముందు, 17వ శతాబ్దంలో హెవేలియస్ 150 అడుగుల దూరదర్శిని కట్టింది ఈ లెక్కతోనే: కటకం వెడల్పుకు నాభ్యంతరం ఎంత పెద్దదైతే రంగుల అలుకుడు అంత తక్కువ. మన పని మాత్రం వేలి కొసన అయిపోతుంది!

కిటికీ ముందు నిలబడిన ముసుగు, తెల్లని ఆకాశం ముందు కొబ్బరాకు, ఇలా విపరీతమైన వెలుగు పక్కన మాత్రమే ఊదా అంచు వస్తే, వెలుగు తగ్గించి మరొకటి తీసి పోల్చండి. అంచు సన్నబడితే ఎక్స్‌పోజర్ ఎక్కువైనట్టు. ఆ ఫోటోనే కావాలంటే ఊదాను అణచే మీట ఉంది గాని, అది అంచు ఊదాకూ వస్త్రపు ఊదాకూ తేడా తెలియనిది. తపస్కాలంలో గురువు ధరించే పూజావస్త్రం బూడిదరంగుకు తిరిగిన ఫోటోలు ఈ మీట చలవే. బొమ్మంతటికీ కాక, బ్రష్‌తో ఆ అంచుమీద మాత్రమే వాడండి.

చివరిగా ఇంట్లోని పాత ఫోటోల సంగతి. తాతల పెళ్లి ఫోటో స్కాన్ చేయిస్తే రంగు అంచులు వచ్చాయని, కాగితం చెడిపోతోందని బెంగపడేవారున్నారు. నలుపు తెలుపు ఫోటోకు లెన్సు రంగు అంచు ఎలా పూయగలదు? కాగితంలో రంగే లేదు కదా! లెన్సు దోషం అందులో మసకగా మాత్రమే మిగులుతుంది. మరి ఆ అంచు? చాలాసార్లు స్కానర్‌దే. రంగు ఫోటో అయితే దాన్ని పావువంతు తిప్పి మళ్లీ స్కాన్ చేయించండి. అంచు బొమ్మతోపాటు తిరిగితే దోషం ఫోటోలో ఉంది. స్కానర్ దీపం కదిలే దిశలోనే నిలిచిపోతే దోషం యంత్రానిది. నలుపు తెలుపు ఫోటోకు ఇంకా తేలిక దారి ఉంది: రంగుల్లో స్కాన్ చేయించి, ఎరుపు, నీలం పొరలు వదిలేసి, ఆకుపచ్చ పొర ఒక్కటే ఉంచుకోండి. అంచులు పోతాయి, తాతగారి మీసం వెంట్రుకలు కూడా ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తాయి.