బొమ్మ కదలదు, మనమే కదిలిస్తాం

చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుడిని ఒకసారి గుర్తుతెచ్చుకోండి. చేతిలో కత్తి, భుజాన శవం, అడుగు మధ్యలో ఉన్న కాళ్ళు. ఎప్పుడు చూసినా నడుస్తూనే ఉంటాడు. బొమ్మలో ఒక్క గీత కూడా కదలదు కదా, మరి ఎలా?

మొదటిది, ఏ క్షణాన్ని గీస్తున్నామన్నది. గండికోటలో పెన్నా లోయ అంచున ఒక సైనికుడు ఈ బండ మీంచి ఆ బండ మీదికి దూకుతున్నాడనుకుందాం. సరిగ్గా గాల్లో నిటారుగా గీస్తే, దారం కట్టి వేలాడదీసినట్టు ఉంటాడు. కాలు ఇప్పుడే బండని వదిలినట్టు, ఒళ్ళు ముందుకి వాలినట్టు గీస్తే "అయ్యో, పడతాడేమో" అనిపిస్తుంది. ఆ బ్యాలెన్స్ తప్పడంలోనే కదలిక ఉంది.

రెండోది, ఆనవాళ్ళు. వెనక్కి ఎగిరే తలపాగా కొస, కాలి కింద రాలే రాళ్ళు, దుమ్ము, స్పీడ్ లైన్లు.

మూడోది, గడుల మధ్య ఖాళీ. ఒక గడిలో బండని తన్నుతున్న పాదం, పక్క గడిలో అవతలి బండని పట్టుకున్న వేళ్ళు. దూకడాన్ని ఎవరూ గీయలేదు, మనమే ఊహించుకున్నాం. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో దీన్ని 'క్లోజర్' అన్నారు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు కావాలి. కామిక్‌కి రెండు కీఫ్రేములు చాలు, మిగతావి పాఠకుడి బుర్రే రెండర్ చేసుకుంటుంది.

గండికోట రీల్స్ మన ఫోన్లలో బోలెడున్నాయి. రీల్ మనం చూడకపోయినా ఆడుతుంది. కామిక్ మనం చదివితేనే కదులుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు రెండే గడులు గీసి చూడండి. ఏది గీయకూడదో అక్కడే తెలుస్తుంది.