పూటకూళ్లింటి బల్ల

పఠింపవలసిన భాగములు: లూకా 10:30–37, గలతీయులకు 2:11–14, 1 కొరింథీయులకు 11:17–22.



మన సంఘపు యౌవనస్థులు కొందరు ఒక సంవత్సరముగా ఒక అలవాటు పెట్టుకొనియున్నారు. నెలకొకమారు, మొదటి శనివారమున, స్నేహితులందరు కూడి మన చుట్టుపట్ల హోటళ్లలో ఇంతవరకు చూడని యొకదానికి పోయి కలిసి భుజింతురు. ఇది దుబారాయనియు, ఇంట అమ్మ వండిన కూడుండగా బయట తినుట యెందుకనియు పెద్దలు కొందరు మాతో అనిరి. మరికొందరు ఇది పత్రికలో పాఠముగా వ్రాయదగిన సంగతి కాదనిరి. మా అభిప్రాయము వేరు. మన ప్రభువు ఎవరెవరితో భోజనమునకు కూర్చుండెనో చూచి సణిగినవారు సువార్తలలో అనేకమారులు కనబడుదురు (లూకా 5:30, 15:2). ఆయనను తిండిపోతని కూడ అనిరి (మత్తయి 11:19). ఎవరి ప్రక్కన కూర్చుండి తినుచున్నామనునది సువార్త దృష్టిలో చిన్న సంగతి కాదు.

ఆ గుంపులో ఎనమండుగురు. ఐదుగురు మన పేటవారు. ఒకడు ఊరిలోని రైతు కుటుంబపువాడు, పదవ తరగతి వరకు మనవారితో ఒకే బెంచీ మీద చదివినవాడు. ఒకడు ముస్లిం సోదరుడు, సెల్‌ఫోనులు బాగుచేయువాడు. ఇంకొకడు పొరుగు మండలమునుండి వచ్చి ఎరువుల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. మేమును మూడుమారులు వారితో పోతిమి.

రుచిని గూర్చి మాకు తెలిసినది కొంత కలదు. బస్టాండు ఎదుటనున్న టిఫిను హోటలులో ఉదయము ఆరున్నరకు ఇడ్లీ వెన్నవలె నుండును. కారప్పొడి మీద నెయ్యి పోసి యిత్తురు. అదే ఇడ్లీ పది గంటలకు తినినవాడు ఆ హోటలు మంచిది కాదనును. గనుక ఒక హోటలు ఎట్లున్నదని యెవరినైన అడుగునప్పుడు, ఏ వేళకు పోతిరని మొదట అడుగవలెను. పెసరట్టు సంగతి వేరు. దాని పిండి పులియనక్కరలేదు. నానిన పెసలు అల్లము, పచ్చిమిరపకాయలతో రుబ్బి వెంటనే పెనము మీద వేయవలెను. రుబ్బిన పిండిని మధ్యాహ్నము వరకు ఉంచువాని అట్టు నోటికి అంటుకొనును, అల్లపు పచ్చడి ఎంత మంచిదైనను దానిని కాపాడలేదు. భోజన హోటలులో పప్పు, గోంగూర అందరును బాగుగనే చేయుదురు. అక్కడ చారు చూడవలెను. మాకు అన్నిటికంటె నచ్చినది పెద్ద హోటలు కాదు. సంత వీథి చివర ఒక పట్టా క్రింద రెండు బల్లలు వేసికొని భార్యాభర్తలు నడుపు కాకా హోటలు. సాయంకాలము పునుగులు, మిరపకాయ బజ్జీలు. ఆమె వేయించును, ఆయన కాగితములో చుట్టి యిచ్చును, ఇద్దరును ఒకరినొకరు గద్దించుకొనుచునే యుందురు.

ఇక్కడ ఒక సందేహము తీర్చవలసియున్నది. హైవే ప్రక్కన ముస్లిం సోదరులు నడుపు బిరియాని హోటలులో విశ్వాసి తినవచ్చునా, క్యాషు బల్ల మీద దేవతా పటమునకు అగరువత్తి వెలుగుచున్న చోట కూర్చుండవచ్చునా యని ఇద్దరు మమ్మును అడిగిరి. కొరింథులో అంగడికి వచ్చు మాంసము సంగతి ఇంతకంటె చిక్కైనది. అయినను మనస్సాక్షి నిమిత్తము విచారణ చేయక కొని తినుడనియే పౌలు వ్రాసెను (1 కొరింథీ 10:25–27). విగ్రహము ఎదుటనే జరుగు విందు వేరు సంగతి, దానిని గూర్చి 8వ అధ్యాయములో చదువుకొనవచ్చును. యజమాని వెలిగించుకొన్న అగరువత్తి ఆయనది. మన ఇడ్లీ వెల మనము చెల్లింతుము. తినకముందు తల వంచి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుటకు సిగ్గుపడవద్దనియే మేము యౌవనస్థులతో చెప్పితిమి. కేకలు వేసి ప్రార్థింపనక్కర లేదు. ప్రక్క బల్లవాని పులుసు చల్లారిపోవును.

ఇక అసలు పాఠమునకు వత్తము. బైబిలులో హోటలు ఉన్నదా? ఉన్నది. మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చినది పూటకూళ్లవాని ఇంటనే యని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. ఈ మాట అనువాదకులు చక్కగా ఎన్నుకొనిరి. పూటకు ఇంతయని వెల కట్టి కూడు పెట్టు ఇల్లు పూటకూళ్లిల్లు. హోటలను మాట మన దేశమునకు రాకముందు మనవారి మాట ఇదే. కాకతీయుల ఓరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామము అను పాత కావ్యములో అట్టి యిల్లొకటి కలదు. ఒక రూక యిచ్చినవానికి గోధుమ పిండివంట, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు అక్కడ దొరకును. మన తాతముత్తాతలు అట్టి యింటి గడప త్రొక్కియుండరని వేరుగ చెప్పనక్కరలేదు.

సమరయుడు ఇచ్చినది రెండు దేనారములు. ద్రాక్షతోట ఉపమానము ప్రకారము దేనారము ఒక దినపు కూలి (మత్తయి 20:2). రెండు దినముల కూలి అక్కడ పెట్టి, మరి ఖర్చయిన యెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని ఖాతా కూడ పెట్టిపోయెను. యూదులు సమరయులతో సాంగత్యము చేయనివారు (యోహాను 4:9). వారిద్దరికి ఒక కప్పు క్రింద చోటు దొరికినది వెల యిచ్చినవానికెల్ల తలుపు తీయు ఇంటిలో. ఇది ఆలోచింపదగినది.

మన నాట ఆ తలుపు అంత సుళువుగా తెరువబడలేదు. టీ హోటలులో మనవారికి వేరు గ్లాసు, దానిని చూరులో దోపియుంచుట, త్రాగిన పిమ్మట తామే కడిగి మరల అక్కడనే పెట్టుట, బల్ల మీద కాక నేల మీద కూర్చుండుట — ఇవి మన వృద్ధులు కన్నులార చూచినవి. దీనికి రెండు గ్లాసుల పద్ధతియని పేరు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణములో దుకాణములు, హోటళ్లు, భోజనశాలలు జాతి మత కుల భేదము లేక పౌరులందరికి తెరచియుండవలెనని చెప్పినది. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము (1976లో దీని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టముగ మార్చబడెను) హోటలులోని పాత్రలను వాడనీయకపోవుట కూడ నేరమేయని వేరుగ వ్రాసినది. గ్లాసును మరువని చట్టము వచ్చిన తరువాత కూడ ఆ పద్ధతి పల్లెలలో చాలకాలము నిలిచెను. కాగితపు కప్పులు వచ్చినచోట తగవు తనంతట తానే అణగెను. కప్పు మారినది గాని కప్పు అందించువాని మనస్సు మారినదో లేదో చెప్పుట కష్టము.

ఈ నేపథ్యములో మన పేట యౌవనస్థులు ఊరి యౌవనస్థునితో ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒకే పళ్లెములోని బజ్జీలు తినుట మాకు దుబారాగా కనబడుటలేదు.

అయితే మొన్న వేసవిలో ఒకటి జరిగినది. అందరును పెసరట్టు తినుచుండగా ఆ రైతు కుటుంబపు యౌవనస్థుని పెదనాన్న ద్వారమందు కనబడెను. ఇతడు తన పళ్లెము తీసికొని నాలుగవ బల్లకు పోయి గోడవైపు తిరిగి కూర్చుండెను. మనవారు ఏమియు అనలేదు. అతని బిల్లు కూడ కలిపి చెల్లించి వచ్చిరి. తరువాత ఒకడు మా యొద్దకు వచ్చి, అయ్యగారూ, గలతీ పత్రికలో పేతురు చేసినది ఇదే కదా, ఆదివారము దీనిని గూర్చి చెప్పండి అనెను.

గలతీ పత్రికను నిదానముగ చదువవలెను. సంగతి జరిగినది అంతియొకయలో. ఓరొంటేసు నది యొడ్డున గొప్ప పట్టణమది. ఇప్పుడు తుర్కియే దేశములో అంతాక్యయని పిలువబడుచున్నది. వంటలకు పేరుపొందిన ఆ హతాయ్ ప్రాంతమును 2017లో యునెస్కో తన ఆహార నగరముల జాబితాలో చేర్చినది. 2023 ఫిబ్రవరి 6న భూకంపమువలన అంతాక్య చాలవరకు నేలమట్టమాయెను. శిష్యులకు క్రైస్తవులను పేరు కలిగినది మొదట అక్కడనే (అపొ. కార్య. 11:26). ఆ పేరు పుట్టిన ఊరిలోనే పంక్తి చీలినది. యూదులును అన్యజనులును కూడి భుజించుచుండిరి, కేఫా వారితోనే కూర్చుండెను. యాకోబు నొద్దనుండి కొందరు వచ్చినప్పుడు ఆయన లేచి వేరుపడెను. మిగిలిన యూదులు ఆయనను అనుసరించిరి, బర్నబా వంటివాడు కూడ కొట్టుకొనిపోయెను.

పౌలు గద్దించినది ఎవరిని? సంఘములో స్తంభమని యెంచబడినవానిని. ద్వారము బయటివానిని కాదు. మన స్నేహితుడగు ఆ యౌవనస్థుడు బాప్తిస్మము పొందినవాడు కాడు, మన పుస్తకమునకు బద్ధుడు కాడు. అతడు తన పెదనాన్నకు భయపడెను. అయినను ఆ తరువాతి నెల పిలిచినప్పుడు వచ్చెను. అతనిమీద గలతీ పత్రికను ఎత్తుట మాకు న్యాయముగ తోచలేదు. ఆ ఉత్తరము మనకు వచ్చినది. గనుక ఆ ఆదివారము మేము అతనిని గూర్చి మాటలాడలేదు.

మన సంఘస్థుని గూర్చి ఒక మాట వ్రాయుచున్నాము. ఆయన అనుమతి పొంది, ఆయన ఎవరో తెలియని విధముగ వ్రాయుచున్నాము. ఆయన పట్టణములో మంచి ఉద్యోగస్థుడు. ఒకనాడు కార్యాలయపు స్నేహితులతో కలిసి క్రొత్తగా తెరచిన హోటలులో కూర్చుండియుండగా, తన సొంత చిన్నమ్మ పార్శిలు ఇడ్లీల కొరకు గల్లాపెట్టె యొద్ద నిలుచుండెను. ఆమె చేనినుండి నేరుగ వచ్చినది, ఆసుపత్రిలో మనుమరాలున్నది. ఆమె ఆయనను చూచి నవ్వెను. ఆయన మెనూ కాగితము ఎత్తి ముఖమునకు అడ్డముగ పెట్టుకొనెను. ఆమె మరల పిలువలేదు. పొట్లము తీసికొని పోయెను.

ఆయన మాతో అన్న మాటలు ఇవి. అయ్యగారూ, మేమే పేటవారమో ఆ నలుగురికి తెలియదు. పదకొండేండ్లుగ నేను చెప్పలేదు. అద్దె యిల్లు దొరికినది అందుకే. ఆమె దగ్గరకు వచ్చి ఒరే అబ్బాయీ అని పిలిచిన, ఆ పదకొండేండ్లు ఆ బల్ల మీదనే పోవునని భయపడితిని.

ఆయన భయము ఊరక కలిగినది కాదు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఏ కులమని ప్రశ్నించువారు ఇప్పటికిని కలరు. కేఫా లేచిపోయినది దురభిమానము చేత అని పౌలు వ్రాయలేదు, భయము చేత అని వ్రాసెను. ఆ మాటను దాటిపోవద్దు. అయినను కేఫా లేచినప్పుడు బల్లయొద్ద మిగిలినవారు ఉన్నారు. వారికి ఆకలి లేదు, భోజనము వారి ఎదుటనే యున్నది. వారికి కలిగిన నష్టమేమో ఆ చిన్నమ్మను అడిగిన చెప్పును. ఆమె ఇప్పటికిని ఆయనను గూర్చి ఒక్క పరుషపు మాట ఆడలేదు. వాడు పనిలో ఉండెనేమో అనుకొంటినయ్యా అని మాత్రము మాతో అనెను. ఆయన ఇంకను ఏ నిర్ణయమునకు రాలేదు. మేము త్వరపెట్టుట లేదు, ఆయన కొరకు ప్రార్థించుచున్నాము. మీరును ప్రార్థించుడి. ఎవరు, ఎవరు అని విచారింపవద్దు. మన రెండు పేటలవారు పెండ్లి విందులలో ఒకరి వంట ఒకరు ముట్టక పెరుగు ప్యాకెట్టు కొనుక్కొని తిను ఆచారము ఇంకను కొన్ని ఇండ్లలో ఉన్నది గనుక, ఈ విషయములో వ్రేలు చూపుటకు మనలో ఎవరికిని వీలులేదు.

కొరింథులో పంక్తి చీలినది కులము చేత కాదు, సమయము చేతను డబ్బు చేతను. రోమీయుల భోజనశాలలో సాధారణముగ మూడు పాన్పులు, పాన్పుకు ముగ్గురు, మొత్తము తొమ్మండుగురికే చోటు. తీరికగలవారు ముందుగ వచ్చి తినివేయుదురు. పని ముగించుకొని వచ్చు కూలివారికి, దాసులకు ఏమియు మిగులదు. మన యౌవనస్థుల గుంపులో కూడ ఇది తలయెత్తెను. మొదట బిల్లును తలా ఇంతయని పంచుకొనుచుండిరి. బిరియాని హోటలులో తలకు 250 రూపాయలు వచ్చెను. కూలికి పోవు ఒకడు ఆ తరువాతి నెల కడుపునొప్పియనెను, మరుసటి నెల ఊరికి పోవలెననెను. మూడవ నెల అతని తల్లి మా అమ్మగారితో అసలు సంగతి చెప్పెను. ఇప్పుడు వారొక బిస్కెట్ల డబ్బా పెట్టిరి. మూతకు చీలిక కోసిరి. నెలలో ఎవరికి కలిగినంత వారు ఎవరును చూడకుండ అందులో వేయవలెను. శనివారము ఉదయము డబ్బా తెరచి, ఎంతయున్నదో దానికి తగిన హోటలునే ఎంచుకొందురు. జనవరిలో 410 రూపాయలే వచ్చెను. ఎనమండుగురును కాకా హోటలుకు పోయి పునుగులు, టీ తీసికొనిరి. ఆ దినము అందరికంటె ఎక్కువసేపు కూర్చుండిరని మాకు తెలిసినది.

వచ్చు నెల మొదటి శనివారము రైల్వే గేటు దాటిన తరువాత ఒక మెస్సుకు పోవుదురు. అక్కడ చేపల పులుసు ముందటి రాత్రి కాచి మరునాడు వడ్డింతురట. పులుసుకు అదియే సరియైన పద్ధతి. మా అమ్మగారును ఈమారు వచ్చెదననుచున్నారు. స్త్రీలు ఇంతవరకు ఎవరును పోలేదు గనుక, రాగోరు సహోదరీలు ఆదివారపు ఆరాధన పిమ్మట ఆమెకు పేరు ఈయవలెను. డబ్బా మందిరపు బీరువా ప్రక్కన, పాటల పుస్తకముల వెనుక నున్నది.