బాయిలరు చూపే సంకేతములు

బాయిలరు అనగానే మనకు నడుమ నిప్పుగొట్టము గల రాగిపాత్ర స్ఫురిస్తుంది. బ్రిటనులో వంటింటి గోడకు తగిలించి వుండే గ్యాసు బాయిలరు అటువంటిది కాదు. స్నానానికి వేడినీరు, గదులకు వెచ్చదనము రెండూ అదే సమకూర్చుతుంది. లోపమేదైనా కలిగితే మంటను తానే ఆర్పుకొని, ముందున్న చిన్న పలకపై ఒక అక్షరమో, అంకెయో చూపి వూరకుంటుంది. పై చదువులకై అక్కడికి వెళ్ళి అద్దె యిండ్లలో దిగే మన విద్యార్థులకు ఆ అక్షరముల అర్థము తెలిసి వుండుట మంచిదని మేము తలచుచున్నాము.

సంకేతము లక్షణమును తెలుపుతుందే గాని కారణమును తెలుపదు. థర్మామీటరు జ్వరమున్నదని చెప్పును. అది మలేరియాయో, టైఫాయిడో చెప్పదు గదా!

వైలాంట్ బాయిలరు ‘ఎఫ్ 22’ అని చూపితే లోపలి నీటి ఒత్తిడి తగ్గినదని అర్థము. ఐడియల్ వారి లాజిక్ రకములో ఇదే లోపమునకు ‘ఎఫ్ 1’ అని గుర్తు. కనుక ఆయా కంపెనీ పుస్తకము చూడక అర్థము చెప్పుకొనరాదు. బాయిలరు చల్లగా వున్నప్పుడు ఒత్తిడి ముల్లు సాధారణముగా 1, 1.5 బార్‌ల మధ్య నిలువవలెను. నీరు నింపే గొట్టమునకున్న కుళాయిలను మెల్లగా త్రిప్పి, ముల్లు అక్కడికి రాగానే గట్టిగా కట్టివేయవలెను. ఇంతవరకు సులభమే. కాని వారము తిరుగకముందే ముల్లు మరల పడిపోతే? ఏ రేడియేటరు అతుకులోనో నీరు కారుతూ వుండవచ్చు. లేదా వేడికి వ్యాకోచించే నీటికి చోటిచ్చే పాత్ర చెడి వుండవచ్చు. రెంటికీ సంకేతము ఒక్కటే. మాటిమాటికి నీరు నింపుతూ రోజులు గడుపుట తెలివి కాదు; కొత్త నీటితో చేరే ఆమ్లజని ఉక్కు రేడియేటర్లను లోపలినుండి త్రుప్పు పట్టిస్తుంది.

వైలాంటులో ‘ఎఫ్ 28’, వూస్టరులో ‘ఇఎ’ అనగా మంట అంటుకొనలేదని. ముందుగా డబ్బు చెల్లించే మీటరైతే అందులో డబ్బు వున్నదో లేదో మొదట చూడవలెను! గడ్డకట్టే చలి రోజులలో మరొక కారణమున్నది. నేటి బాయిలర్లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడ వాడుకొంటవి. ఆ నీరు సన్నని ప్లాస్టిక్ గొట్టముగుండా బయటికి పోతుంది. 2010 డిసెంబరు చలికి ఆ గొట్టములు గడ్డకట్టి అక్కడ ఎన్నో యిండ్లలో బాయిలర్లు నిలిచిపోయినవి. బయటి గొట్టముపై గోరువెచ్చని నీరు పోసి, రీసెట్ మీట ఒకసారి నొక్కి చూడవచ్చును. మరిగే నీరు పోయరాదు, గొట్టము పగులుతుంది.

బాయిలరు మూత మాత్రము మనము విప్పరాదు. గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న పనివారికే ఆ అధికారము. సరిగా కాలని గ్యాసునుండి వచ్చే కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో వున్నంతసేపు తలనొప్పి, వికారము కలిగి, బయటికి రాగానే తగ్గితే, వెంటనే బాయిలరు ఆపి, కిటికీలు తెరచి, అందరినీ వెలుపలికి పంపి, 0800 111 999కు ఫోను చేయవలెను. అద్దెకిచ్చే యజమాని గ్యాసు పరికరములను ఏటేటా తనిఖీ చేయించవలెనని అక్కడి చట్టము. కొత్తగా దిగేవారు ఇంట చేరకముందే ఆ తనిఖీ పత్రమును అడిగి చూడవచ్చును.