పాల బండి కిరాయి – మూలం వద్ద పన్ను కోత
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల కొరకు పాఠం)

సంఘం డబ్బు రెండు దారుల్లో బయటికి పోతుంది. పాలు పోసిన రైతుకు ఇచ్చేది పాల ధర. ఆ పాల క్యాన్లను ఊరి నుండి బల్క్ కూలరుకో, శీతలీకరణ కేంద్రానికో చేర్చిన బండి యజమానికి ఇచ్చేది కిరాయి. రెండూ ఒకే నగదు చిట్టాలో, ఒకే రోజున ఖర్చుపడినా ఆదాయపు పన్ను చట్టానికి రెండూ ఒకటి కావు. ధర సరుకుకు ఇచ్చేది. కిరాయి పనికి ఇచ్చేది. పనికి ఇచ్చే సొమ్ములో నుండి, చట్టం చెప్పిన చోట, కొంత పన్నుగా కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత ఇచ్చేవారి మీదనే ఉన్నది. దీనినే మూలం వద్ద పన్ను కోత, టి.డి.ఎస్. అంటాము. కాంట్రాక్టర్ల చెల్లింపులకు ఈ పద్ధతి 1972 ఏప్రిల్ నుండి ఉన్నది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో బండి మాట్లాడుకునేది ఎక్కువగా నోటి మాట మీదనే. మాట మంచిదే. కాని ఆడిట్ నాడు మాట కనబడదు, కాగితమే కనబడుతుంది. సమాఖ్య నేరుగా కిరాయి చెల్లించే రూట్లలో ఈ బాధ్యత సమాఖ్యది. సంఘమే బండి మాట్లాడుకుని సంఘం నిధుల నుండి చెల్లించే చోట బాధ్యత సంఘానిదే. ఈ పాఠం అటువంటి సంఘాల కొరకు.

1. “మా సంఘానికి పన్ను లేదు గదా?”

తరచుగా వినబడే ప్రశ్న ఇది. సభ్యులు ఉత్పత్తి చేసిన పాలను సమాఖ్యకు పోసే ప్రాథమిక సంఘానికి ఆ వ్యాపారపు లాభంపై పూర్తి తగ్గింపు 1961 చట్టంలోని 80-పి సెక్షనులో ఉండేది. కొత్త చట్టం కూడా దానిని కొనసాగించినది. అయితే అది సంఘం సొంత ఆదాయం సంగతి. కోత పెట్టేది కాంట్రాక్టరు ఆదాయంపై. సంఘం ఇక్కడ పన్ను కట్టే మనిషి కాదు, వసూలు చేసి అందజేసే మనిషి. కోత పెట్టవలసిన వారి జాబితాలో సహకార సంఘాల పేరు స్పష్టంగా ఉన్నది.

2. కాంట్రాక్టరు ఎవరు, ఉద్యోగి ఎవరు?

సొంత బండి, సొంత డీజిలు, సొంత డ్రైవరు పెట్టుకుని, ఇంత కిరాయికి పాలు చేరుస్తానని ఒప్పుకున్నవాడు కాంట్రాక్టరు. ఉదయం, సాయంత్రం సంఘం కార్యాలయానికి వచ్చి, సంఘం పరికరాలతో, కార్యదర్శి చెప్పినట్టు వెన్న శాతం పరీక్షించే టెస్టరు కాంట్రాక్టరు కాడు. వోచరు మీద “కాంట్రాక్టు” అని రాసినంత మాత్రాన అతని స్థితి మారదు.

ఈ విషయంలో మన ప్రాంతపు చట్టం కింద వచ్చిన దావా ఒకటి ఉన్నది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, బట్టకింత అని కూలి తీసుకునే దర్జీలు ఉద్యోగులా, కాదా అన్న ప్రశ్న తెలంగాణ ప్రాంత షాపుల చట్టం కింద లేచింది. యంత్రాలు దుకాణానివి, పని బాగా లేకుంటే మళ్ళీ కుట్టించే అధికారం యజమానిది కాబట్టి వారు ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1973లో తీర్పు చెప్పింది. అది కార్మిక చట్టం కేసే అయినా, పేరు కాక పని తీరును చూడమని మనకు నేర్పుతుంది. టెస్టరుకు ఇచ్చేది జీతం; దానికి జీతాల నిబంధన వర్తిస్తుంది. కాంట్రాక్టరు కోత అతనికి పెట్టరాదు.

3. ఎప్పుడు కోయాలి? ఎంత కోయాలి?

ఒక్క బిల్లు రూ. 30,000 మించినా, లేక ఏప్రిల్ నుండి మార్చి వరకు ఒకే కాంట్రాక్టరుకు ఇచ్చిన మొత్తం రూ. 1,00,000 మించినా కోత వర్తిస్తుంది. ఏడాది పరిమితి 2016 జూన్ 1కి ముందు రూ. 75,000గా ఉండేది. కాబట్టి పెద్ద బిల్లును చిన్న బిల్లులుగా విడగొట్టినందువల్ల లాభం లేదు. ఏడాది మొత్తం పట్టిస్తుంది. డీజిలుకని ఇచ్చిన అడ్వాన్సు కూడా చెల్లింపే.

కాంట్రాక్టరు ఒక వ్యక్తి అయితే నూటికి 1 రూపాయి. భాగస్వామ్య సంస్థ లేక కంపెనీ అయితే 2 రూపాయలు. పాన్ నంబరు ఇవ్వనివారికి 2010 ఏప్రిల్ నుండి నూటికి 20 రూపాయలు. ఆధార్‌తో జత చేయని పాన్ 2023 జూలై 1 నుండి పనిచేయని పాన్‌గా లెక్క; అది చేతిలో ఉన్నా లేనట్టే, కోత 20 రూపాయలే.

4. బండి యజమానులకు ప్రత్యేక నిబంధన

ఇక్కడే మార్పులు ఎక్కువ. 2009 అక్టోబరు 1 నుండి సరకు రవాణా చేసేవారు పాన్ ఇస్తే చాలు, కోత లేదన్నారు. బండ్లు ఎన్ని ఉన్నా సరే. 2015 జూన్ 1 నుండి దానిని బిగించారు. ఏడాదిలో ఏ రోజునా పది సరకు బండ్లకు మించి సొంతంగా లేనివారికే ఆ సౌకర్యం మిగిలింది. అదీ ఆ సంగతి రాతపూర్వకంగా ప్రకటించి, పాన్ జతపరిస్తేనే. పాత నిబంధన గుర్తుంచుకుని పాన్ జిరాక్సు ఒక్కటే ఫైలులో పెట్టేవారు ఇది గమనించగలరు.

మరొక మాట. ఈ సౌకర్యం సరకు బండికే. ప్రయాణికుల ఆటోలోనో, జీపులోనో క్యాన్లు వేసుకొచ్చేవారికి వర్తించదు. ఆర్.సి.లో బండి తరగతి చూడాలి. క్యాన్లు ఎత్తి దించడానికి కూలీలను సరఫరా చేసే మేస్త్రీకి కూడా వర్తించదు.

రిటర్నులు దాఖలు చేయనివారికి ఎక్కువ రేటు కోయాలని 2021 జూలై నుండి ఉన్న నిబంధన 2025 ఏప్రిల్ 1 నుండి రద్దయినది. ఆ లెక్కన ఇంకా కోయవద్దు.

5. ఒక లెక్క

లింగంపేట వైపు ఒక సంఘం ఒక వ్యక్తి వ్యానుకు పదిహేను రోజులకు రూ. 18,000 కిరాయి ఇస్తున్నదనుకుందాం. ఏ బిల్లూ 30,000 దాటదు. అయిదు బిల్లులకు మొత్తం రూ. 90,000. ఆరవ బిల్లుతో రూ. 1,08,000. ఏడాది పరిమితి దాటినది; కోత మొదటి రూపాయి నుండి మొత్తం 1,08,000పై లెక్కించాలి.

(అ) పాన్, ప్రకటన రెండూ ఉంటే: కోత లేదు.
(ఆ) పాన్ ఉండి ప్రకటన లేకుంటే: రూ. 1,080, ఆపై ప్రతి బిల్లుకు రూ. 180.
(ఇ) పాన్ లేకుంటే, లేక పనిచేయకుంటే: రూ. 21,600.

మూడవది చూడండి. ఆరవ బిల్లే 18,000. బిల్లంతా పోయినా ఇంకా రూ. 3,600 బాకీ. ఇరవై నాలుగు బిల్లులకు ఏడాది మొత్తం రూ. 4,32,000 అయితే కోత రూ. 86,400. ఒకే తేలికపాటి సరకు బండి ఉన్నవాడు కోరుకుంటే నెలకు రూ. 7,500, అంటే ఏడాదికి రూ. 90,000 ఆదాయంగా చూపుకునే పద్ధతి చట్టంలోనే ఉన్నది. ఏడాది ఆదాయమంత సొమ్మును కోతకు పోగొట్టుకుంటే అతడు డీజిలు ఎట్లా పోయిస్తాడు? తిరిగి రాబట్టుకోవాలంటే రిటర్ను వేయాలి. పాన్ పనిచేయనిదే ఆ సొమ్ము రాదు. బండి ఆగితే నష్టం రైతు పాలకే.

పోనీ అని సంఘం కోయకుండా ఇచ్చేస్తే, ఆ పన్నును సంఘం నుండే అడుగుతారు. కోయడంలో ఆలస్యానికి నెలకు నూటికి 1, కోసి కట్టనందుకు నెలకు నూటికి 1½ వడ్డీ అదనం. ఆ సొమ్ము బోనసు రూపంలో రైతుకు చేరవలసినది.

6. కొత్త చట్టం

1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. 194-సి అని మనకు అలవాటైన సెక్షను కొత్త చట్టంలో 393వ సెక్షనులో కలిసినది. ఫారాల నంబర్లు కూడా మారినవి. పైన చెప్పిన పరిమితులు, రేట్లు, పది బండ్ల నిబంధన మాత్రం అట్లాగే ఉన్నవి. ఏప్రిల్ 1 తరువాతి ప్రకటన పత్రాలలో కొత్త సెక్షను నంబరే రాయించండి.

7. సంఘం చేయవలసిన పనులు

(1) కిరాయి రేటు పాలకవర్గం తీర్మానంలో రాసి, బండి యజమానితో ఒప్పందం రాసుకోవాలి.
(2) ప్రతి ఏప్రిల్‌లో, మొదటి బిల్లుకు ముందే, పాన్, ఆర్.సి. నకళ్ళు, పది బండ్ల ప్రకటన తీసుకోవాలి. పాన్ ఆధార్‌తో జత అయినదో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో చూడాలి.
(3) ఒప్పందం, పాన్, బిల్లు, చెల్లింపు ఒకే పేరు మీద ఉండాలి. బండి తమ్ముడిది, పాన్ అన్నది అయితే ఆ ప్రకటన చెల్లదు.
(4) ప్రతి కాంట్రాక్టరుకు లెడ్జరులో ప్రత్యేక పేజీ పెట్టి, ప్రతి బిల్లు వద్ద ఏడాది మొత్తం వేయాలి.
(5) సంఘానికి టాన్ నంబరు తీసుకోవాలి. కోసిన సొమ్ము మరుసటి నెల 7వ తేదీలోగా, మార్చి నెలది ఏప్రిల్ 30లోగా కట్టాలి.
(6) ప్రకటన తీసుకుని కోయకుండా ఇచ్చిన కిరాయిని కూడా మూడు నెలల పట్టికలో చూపాలి. కోత లేదు కాబట్టి పట్టిక అక్కరలేదనుకోవడం పొరపాటు.
(7) కోత పెట్టినప్పుడు దాని సర్టిఫికెట్టు కాంట్రాక్టరుకు ఇవ్వాలి. అది అతని సొమ్ముకు రసీదు.

అభ్యాసం – పాలకవర్గ సమావేశంలో చర్చించండి

1. బండి యజమానికి ఏప్రిల్‌లో తొమ్మిది వ్యాన్లు. డిసెంబరులో మరి రెండు కొన్నాడు. ఏప్రిల్‌లో ఇచ్చిన ప్రకటన చాలునా? (చాలదు. ఏడాదిలో ఎప్పుడు పది దాటినా సౌకర్యం లేదు.)

2. రైతుకు ఏడాదిలో పాల ధర కింద రూ. 2,00,000 ఇచ్చాము. కాంట్రాక్టరు కోత పెట్టాలా? (అక్కరలేదు. అది సరుకు ధర.)

3. మీ సంఘంలో ఈ ఏడాది కిరాయి తీసుకున్న ప్రతి ఒక్కరి ప్రకటన ఫైలులో ఉన్నదా? (దీనికి జవాబు మీ కార్యదర్శి బీరువాలో ఉన్నది. తీసి చూడండి.)