మీది ఏ ఊరు?

ఇంటర్వ్యూ గదిలో అభ్యర్థి కూర్చోగానే తరచుగా ఎదురయ్యే తొలి ప్రశ్న చాలా చిన్నది: "మీది ఏ ఊరు?" ఊరి పేరు దరఖాస్తులో ముందే ఉంటుంది. అయినా అడుగుతారు. అభ్యర్థి బెరుకు తీర్చడానికీ, మాట తీరు గమనించడానికీ అది అనువైన ప్రశ్న. చిత్రమేమంటే, దేశవిదేశాల విశేషాలను నెలల తరబడి వల్లె వేసినవారు కూడా తమ ఊరి గురించి అడిగినప్పుడు తడబడుతుంటారు.

మల్దకల్ నుండి వెళ్ళిన ఒక యువకుణ్ణి ఊహించుకోవచ్చు. మల్దకల్ జోగులాంబ గద్వాల జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడే వరకు అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందున ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. "గద్వాల దగ్గర ఒక చిన్న పల్లె అండీ" అని అతడు తల వంచుకొని చెబితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "మాది మల్దకల్ అండీ, నడిగడ్డ ప్రాంతం. మా ఇంట్లో విత్తన పత్తి పండిస్తారు" అని చెబితే బోర్డు సభ్యులకు తరువాతి ప్రశ్న దొరుకుతుంది. ఆ ప్రశ్నను ఎంచుకొన్నది నిజానికి అభ్యర్థే.

విత్తన పత్తికీ మామూలు పత్తికీ తేడా ఏమిటని వారు అడుగుతారు. పత్తి పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది. సంకర విత్తనం కావాలంటే ఆ అవకాశం లేకుండా చేయాలి. అందుకే మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను సాయంత్రం గుర్తించి, వాటిలోని కేసరాలను చేతితో తొలగిస్తారు. ఉదయం మగ మొక్కల పువ్వులు తెచ్చి, వాటి పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. ఒక్కొక్క పువ్వుకూ ఇదే పని. చేలో నిలబడి చూసినవాడు ఈ సంగతిని నాలుగు వాక్యాలలో చెప్పగలడు. శిక్షణ కేంద్రాల పుస్తకాలలో ఇది దొరకదు.

అయితే బోర్డు అంతటితో ఊరుకోకపోవచ్చు. "ఈ పనికి పిల్లలను పెట్టారన్న విమర్శ ఉంది కదా?" అని అడగవచ్చు. ఇది కష్టమైన ప్రశ్న. ఊరి పరువు కాపాడాలని "అలాంటిదేమీ లేదు" అంటే అది అసత్యం. ఊరిని తిట్టిపోస్తే అది తప్పించుకోవడం. పువ్వు పువ్వునూ తాకవలసిన పని కనుక కూలి ఖర్చు ఎక్కువనీ, ఆ భారమే చవక శ్రమకు దారితీసిందనీ అతడు చెప్పవచ్చు. 2016లో సవరించిన చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించిందనీ, బడి వేళల తరువాత కుటుంబ పనిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఇచ్చిందనీ చెప్పవచ్చు. ఆ మినహాయింపు సరైనదేనా అని మళ్ళీ అడిగితే, తన అభిప్రాయాన్ని కారణంతో సహా చెప్పాలి. బోర్డు వినదలచినది ఆ కారణాన్నే.

అన్ని ఉద్యోగాలకూ ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి కింది స్థాయి కొలువులకు దానిని తొలగించింది. తెలంగాణలో 2022లో గ్రూప్-1 పోస్టులకు కూడా రద్దయింది. ఉన్నచోట మాత్రం దాని బరువు తక్కువేమీ కాదు. సివిల్ సర్వీసుల తుది మార్కులు 2025 కాగా, వాటిలో 275 ముఖాముఖివే.

ఆంగ్లం ధారాళంగా రాదన్న భయం పల్లె విద్యార్థులను ఎక్కువగా కుంగదీస్తుంది. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతానికి చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయులు రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్ సర్వీసుల పరీక్షను తెలుగులో రాశారు. ముఖాముఖిలోనూ అనువాదకుని సాయంతో తెలుగులోనే మాట్లాడారు. 2017లో వెలువడిన ఫలితాలలో ఆయనకు దేశంలో మూడవ ర్యాంకు వచ్చింది. ఈ వెసులుబాటు అన్ని సంస్థలలోనూ ఉండదు. లేనిచోట ఆంగ్లంలో చిన్న చిన్న వాక్యాలతో చెప్పడం అలవాటు చేసుకోవాలి.

ఇక దుస్తులు శుభ్రంగా ఉండటం, ధ్రువపత్రాలను వరుసలో పెట్టుకోవడం, వేళకు ముందే చేరుకోవడం అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది ఒకటుంది. దరఖాస్తులో రాసిన ప్రతి మాటా ఒక ప్రశ్నే. అభిరుచి అన్నచోట "పుస్తక పఠనం" అని రాసి, ఈ మధ్య ఏ పుస్తకం చదివారంటే నీళ్ళు నమిలేవారు ఎందరో! దరఖాస్తు నకలును ఇంట్లో ఒకరి చేతికిచ్చి, సాయంత్రం వేళ అరగంట ప్రశ్నలు వేయించుకోవడం మంచి సాధన.

గద్వాల చీర కట్టుకొని వెళ్ళే యువతి కూడా ఒక ప్రశ్నను వెంట తీసుకువెళ్ళినట్లే. ఆ సంప్రదాయ చీరలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీద ఎలా కలుపుతారని అడగవచ్చు. తెలిస్తే చెప్పాలి. తెలియకపోతే "తెలియదండీ" అని ఒక్క మాటలో ఒప్పుకోవాలి. తరువాతి ప్రశ్నకు వెళ్ళడానికి బోర్డుకు అంతకన్నా సమయం పట్టదు.